కాయనీ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మా అమ్మ అనేది. ఈ సంవత్సరం ఆ మర్యాద కూడా జరగలేదు. శివుడి పేరు ఎత్తకముందే, చెప్పాపెట్టకుండా, ధర్మపురి వదిలి పోయింది. మా పక్కింటి రవిచంద్రన్‌కు ఏటా ఈ రోజుల్లో ఒక తమిళ సామెత చెప్పడం అలవాటు. తై మంచు నేలను తొలుస్తుంది, మాసి మంచు మేడను తొలుస్తుంది అని. ఈసారీ చెప్పాడు. చొక్కా విప్పేసి, బనియన్‌తో గోడ దగ్గర నిలబడి, పేపరుతో విసురుకుంటూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది.

తై అంటే పొంగలి నెల, మాసి దాని తర్వాతది. ఇంట్లో తెలుగు మాట్లాడినా నెలలు మాత్రం మేము అరవవాళ్ళవే లెక్కపెడతాము. ఎన్నో తరాలుగా ఈ గడ్డ మీద ఉన్నవాళ్ళం. వాన ఇక్కడిది, ఎండ ఇక్కడిది, నెలలు మాత్రం ఎక్కడి నుంచో తెచ్చుకోలేము కదా.

చలి పోతే నీకేమి పోయింది సరసమ్మా, ముసలి ఒంటికి సుఖమే కదా అంటారు. నా ఒంటి సంగతి ఎవరికి కావాలి. చలి కావలసింది నా చిక్కుడుకు. చిక్కుడు ఎండకు ఆకు వేస్తుంది, చలికి కాయ వేస్తుంది. ఆషాఢపు గాలుల ఆడిలో గింజ నాటాలి. దసరా దాటాక పూత రావాలి. పొంగలికి ముందొచ్చే మార్గళి మంచుకు పిందె దిగాలి. మాసిలో ఆ కాయ తీగ మీదే ముదిరి, గలగలమనేదాకా ఎండాలి. అప్పుడు గింజ ఒలిచి, బూడిదలో కలిపి, కుండలో పోసి మూతి కట్టి పెడితే మళ్ళీ ఆడికి విత్తనం. ఇందులో ఏ నెల తన పని చెయ్యకపోయినా ఆ ఏడాదికి అంతే సంగతులు.

ఇది అంగట్లో పొట్లం కట్టి అమ్మే చిక్కుడు కాదు. మా అమ్మ చిక్కుడు. పిక్కిలిలో మేము పుట్టిన ఇంటి దడి మీద పాకేది. కాయ అంచున వంకాయ రంగు, లోపల నల్ల గింజ, గింజ నెత్తిన తెల్ల గీత. ఉడుకుతుంటే వీధి చివరికి నెయ్యి వాసన వచ్చేది. నాకూ మా చెల్లెలు వేదవల్లికీ పెళ్ళిళ్ళయినప్పుడు అమ్మ మా ఒడిలో బియ్యంతో పాటు ఈ గింజలు కూడా పోసి పంపింది. విత్తనం రెండు ఇళ్ళల్లో ఉండాల, ఒక ఇంట్లో పోతే ఇంకో ఇంట్లో అడుక్కోవచ్చు అనేది. రెండు ఇళ్ళల్లోనూ పోతే ఏమి చెయ్యాలో ఆమె చెప్పలేదు. ఆమె కాలంలో అట్లాంటి ఎండలూ లేవు, అట్లాంటి వానలూ లేవు.

వేదవల్లి విత్తనాల కుండ పాలకోడులో వాళ్ళ ఇంట్లోకి వాననీళ్ళు దూరిన ఏడాది బూజు పట్టింది. నా పాదు ఆ మరుసటి ఏడాది ఎండకు మాడింది. కుండ అడుగున మిగిలిన గింజలన్నీ మొన్న ఆడిలో నాటేశాను. చాలా మటుకు పుచ్చిపోయినవే. ఒకే ఒక్క తీగ లేచింది. ఇంక చెప్పేదేముంది, మా అమ్మ విత్తనమంతా ఆ తీగలోనే ఉంది.

ఆ తీగ లేచింది కూడా ఎక్కడ? నా కొడుకు ముత్తుకుమార్ సోగత్తూరు దారిలో కట్టుకున్న ఇంట్లో, బట్టలుతికే బండకూ కాంపౌండు గోడకూ మధ్య ఉన్న జానెడు మట్టిలో. పల్లెలో చేని మీద పడే ఎండ వేరు, టౌనులో గోడల మధ్య పడే ఎండ వేరు. చేని మీద ఎండ సాయంత్రానికి ఇంటికి పోతుంది. ఇక్కడ గోడ పగలంతా మింగిన ఎండను రాత్రంతా కక్కుతుంది. పైగా రవిచంద్రన్ రేకుల కప్పు మీది సెగ నేరుగా మా పెరట్లోకే కొడుతుంది. బండ మీద నుంచి పారే నీళ్ళను చిన్న కాలువ తీసి పాదుకు మళ్ళించాను. సాయంత్రం ఒక బిందె మంచినీళ్ళు పోసేదాన్ని. కొళాయిలో నీళ్ళు ఎప్పుడొస్తాయో ఆ దేవుడికే తెలియని ఊళ్ళో, తాగడానికి పట్టుకున్న నీళ్ళు చిక్కుడుకు పోస్తావా అని కొడుకు సణిగేవాడు. నీకు పోసి పెంచినప్పుడు ఎవరూ సణగలేదు అన్నాను.

ఇంక కోడలు శాంతిప్రియ. మావాళ్ళ పిల్లే, సేలం నుంచి తెచ్చుకున్నాము. పేరుకు తెలుగువాళ్ళు, వాళ్ళ తాత కాలానికే ఇంట్లో తెలుగు అటకెక్కింది. మంచి పిల్లే. చెప్పిన పని చేస్తుంది, ఎదురు చెప్పదు. కానీ నోరు తెరిస్తే సగం అరవం, సగం తెలుగు. నాకోసమని కష్టపడి తెలుగు మాట్లాడుతుంది, వింటుంటే నవ్వాగదు.

ఒకరోజు ఉతికిన బట్టలు దండెం మీద వేసి లోపలికి వచ్చి, "అత్తా, బట్టలు కాయ పెట్టినాను" అంది.

అరవంలో కాయడమంటే ఎండడం. మనకు కాయడమంటే చెట్టు కాయలు కాయడం. నేను ఊరుకుంటానా? "ఓహో, మీ సేలంలో బట్టలు కాస్తాయేమమ్మా? పావడలు ఎన్ని కాసినాయి? నాకు రెండు రవికెలు కోసుకుని రా" అన్నాను.

ముత్తుకుమార్ పడీపడీ నవ్వాడు. ఆ వారం చుట్టాలు వస్తే వాళ్ళకీ చెప్పాను, వాళ్ళూ నవ్వారు. శాంతిప్రియ కూడా నవ్వింది. ఆ తర్వాత నాతో మాట్లాడటం కొంచెం తగ్గించింది. తగ్గిస్తే తగ్గించిందిలే, తప్పు మాట్లాడేకంటే మేలు అనుకున్నాను.

ఈ ఏడు దీపావళి నెల ఐప్పసిలో వానలు పట్టుకుని వదలలేదు. పూత వచ్చింది వచ్చినట్టే రాలిపోయింది. పెరడంతా ఊదారంగు పూలు బురదలో పడి కుళ్ళుతుంటే నాకు అన్నం సయించలేదు. కానీ తీగ మొండిది. మార్గళి చివర్లో కాస్త చలి పడగానే మళ్ళీ పూసింది. తై మొదట్లో గెలలకు గోరంత పిందెలు దిగాయి. పొద్దున్నే లేచి, ఆకుల మీద మంచు ఉందో లేదో వేలితో తడిమి చూసుకునేదాన్ని. ఉండేది. పలుచగానే, అయినా ఉండేది. ఈ ఒక్క కాపు గట్టెక్కితే చాలని కులదేవతకు మొక్కుకున్నాను.

సరిగ్గా అప్పుడే వేదవల్లి బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దాని కొడుకూ కోడలూ పొద్దున పనికి పోతే సాయంత్రం వచ్చేవాళ్ళు. తోడబుట్టినదాన్ని, నేను పోకపోతే ఎవరు పోతారు? పాలకోడు బస్సెక్కే ముందు శాంతిప్రియను పాదు దగ్గరికి తీసుకుపోయాను. "దినమూ సాయంత్రం ఒక బిందె పొయ్యమ్మా. ఇది విత్తనానికి పెట్టినాను, కూరకి కాదు" అన్నాను. "సరి అత్తా" అంది.

పాలకోడులో ఉన్నన్నాళ్ళూ, చెల్లెలు మంచంలో ఉందన్న మాటే గానీ, నాకు సుఖంగానే గడిచింది. పాపిష్టి మాటే, నిజం మాత్రం అదే. బయట టమాటా బండ్ల గోల, చక్కెర మిల్లుకు పోయే చెరుకు లారీల గోల. లోపల మేమిద్దరం తెలుగు. మా అమ్మ తిట్లు, మా నాయన ఎద్దులు, చేను, గట్టు, అన్నీ తెలుగులో. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఆగి, ఆ మాటకు అర్థమేమిటి అని అడగని మనిషి ఈ లోకంలో నాకు అదొక్కతే మిగిలింది.

"అక్కా, చిక్కుడు కాస్తే నాకు ఒక గుప్పెడు గింజలు ఇయ్యి" అంది ఒకనాడు. "ఆడికంతా నేను లేచి తిరుగుతాను. లేకపోయినా కిటికీ పక్కన నాటిస్తాను, మంచంలో నుంచి అయినా చూస్తా ఉంటాను."

"గుప్పెడు ఏమే, దోసెడు ఇస్తాను" అన్నాను.

"ఆ నెయ్యి వాసన వస్తే అమ్మ ఇంట్లో తిరుగుతా ఉన్నట్లు ఉంటాది" అంది. డాక్టర్ నడవమంటే భయపడి ఏడ్చే మనిషి, ఆ రోజు నుంచి ఆడి పేరు చెప్పుకుని కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేసింది.

మరి కొన్నాళ్ళకు శాంతిప్రియ ఫోన్ చేసింది. ఆ పూట కిటికీ కింద టమాటా బండి ఒకటి ఆగి హారన్ మీద హారన్ కొడుతూ ఉంది.

"అత్తా, చిక్కుడు నిండా ఉండాది. వీరు కూరకి కోయమంటా ఉండారు. ఏమి చేసేది?"

వీరు అంటే నా కొడుకు. తిండిపోతు వెధవ, విత్తనాన్ని కూడా వదలడు. "కోస్తే చెయ్యి విరుస్తాను అని చెప్పు వానికి" అన్నాను. "ఒక్క కాయ కోయొద్దు. కాయనీ. బాగా కాయనీ. చెయ్యి పెట్టొద్దు."

"బాగా కాయనీనా అత్తా?"

"అవునమ్మా, కాయనీ. తెలుగే గదా చెప్తా ఉండేది."

"సరి. అప్పుడు తణ్ణి..." అని నీళ్ళ గురించి ఏదో నసిగింది.

"అన్నీ నేనే చెప్పాల్నా? కాయనీ అంటే కాయనీ" అని పెట్టేశాను. హారన్ గోలకు తలనొప్పి పుట్టింది. పైగా వేదవల్లికి మందు వేసే వేళ అయింది.

ఆ తర్వాతే ఎండ ముదిరింది. మాసి ఇంకా పుట్టలేదు, అప్పుడే నడివేసవి ఎండ. పాలకోడులో రోడ్డు మీద పడిన టమాటా మధ్యాహ్నానికి తోలు మాత్రం మిగిలేది. మంచు అన్న మాటే లేదు. పోనీలే, కాయ దిగింది కదా, బిందెడు నీళ్ళు పడుతుంటే చిక్కుడు ఈ ఎండకు తట్టుకుంటుంది, గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది అనుకున్నాను. వేదవల్లి గోడ పట్టుకుని సొంతంగా బాత్రూముకు పోయిన నాడు నేను ధర్మపురి బస్సెక్కాను. "మాసిలోనే గింజలు తెస్తాను" అని దాని చేతిలో చెయ్యి వేసి చెప్పాను.

ఇంట్లోకి పోకుండానే, సంచి వాకిట్లో పడేసి, పక్క సందులోనుంచి పెరట్లోకి పోయాను.

తీగ గోడ మీదే ఉంది. పచ్చటి ఆకు ఒక్కటి లేదు. ఉన్నవి ముట్టుకుంటే పొడి. కాయలు గెలలు గెలలుగా వేలాడుతున్నాయి, అప్పడాల్లా పలుచగా, గాలికి చప్పుడు చేస్తూ. బండ నుంచి నేను తీసిన కాలువకు అడ్డంగా ఇటుకలు పేర్చి, సందుల్లో మట్టి మెత్తి ఉంది. ఒక్క చుక్క కూడా పాదులోకి పోకుండా ఎవరో ఒళ్ళు వంచి చేసిన పని అది.

శాంతిప్రియ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మొహం కళకళలాడుతూ ఉంది. "చూడండి అత్తా, మీరు చెప్పినట్లే. నల్లా కాంజిడుచ్చు. ఒక కాయ కోయలేదు. వీరిని కూడా పక్కకి రానియ్యలేదు."

వంగి ఇటుకలు చూపించాను.

"ఉతికే నీళ్ళు పోతా ఉండినాయి గదా, కాయలేదు, పచ్చగానే ఉండినాది. దానికి నేనే కట్టినాను" అంది. "ఆకు వాలినప్పుడు కష్టంగా ఉండినాది అత్తా. ఒక చెంబు పోస్తామా అని చెయ్యి పోయినాది. మీరు చెయ్యి పెట్టొద్దు అన్నారు గదా, విట్టుట్టేన్, వదిలేసినాను."

కాంజిడుచ్చు అంటే అరవంలో ఎండిపోయిందని. అప్పుడు అర్థమైంది. పోనీ అంటే పోనిమ్మని, రానీ అంటే రానిమ్మని ఈ పిల్లకు నేర్పింది నేనే. కాయ అన్నది వాళ్ళమ్మ నేర్పింది. రెండూ కలిపి చదువుకుంది. కాయనీ, ఎండనిమ్ము. బాగా కాయనీ, బాగా ఎండనిమ్ము. విత్తనానికని ముందే చెప్పాను, విత్తనం ఎండాలని ఎవరికి తెలియదు? ఎక్కడా తప్పు పోలేదు మహాతల్లి.

నేను అరిచాను. అరవకుండా ఎట్లా ఉంటాను? కడుపు మండి అరిచాను. మా అమ్మ ఒడిలో పోసిన విత్తనాన్ని గొంతు పిసికి చంపావన్నాను. కాయడానికీ ఎండడానికీ తేడా తెలియని దద్దమ్మవన్నాను. తెలియకపోతే అడిగి చావొచ్చు కదా అన్నాను.

శాంతిప్రియ తల వంచుకుని అంతా వింది. తర్వాత తల ఎత్తింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం సులువుగా ఉండేది.

"అడిగితే నవ్వుతారు అత్తా" అంది.

నేను ఇటుకల మీది మట్టి గోరుతో గీకాను.

"నేను కాయ అంటే ఏమి అర్థమో మీకు తెలుసు. ఇంటికి వచ్చినవాళ్ళకి అంతా చెప్పి నవ్వినారు. ఫోన్‌లో తణ్ణి గురించి అడగబోతే పెట్టేసినారు. ఈ ఇంట్లో తెలుగు మీరు ఒకరే మాట్లాడేది. మేమంతా మీరు ఏమి చెప్తారో కనిపెట్టి బతుకుతా ఉండాము." ఇంత పొడుగు తెలుగు ఆ పిల్ల నోట నేను ఎన్నడూ వినలేదు. ఒక్క తప్పు కూడా లేదు. లోపలికి పోయి నాకు కాఫీ పెట్టి తెచ్చి, బండ మీద ఉంచి పోయింది.

కాఫీ తాగలేదు. కాయలన్నీ కోసి ఒళ్ళో వేసుకుని ఒలిచాను. గింజ ఉండవలసిన చోట గోరుకు పొట్టు తగిలింది. అక్కడక్కడా గింజ అన్న పేరుకు ముడతలు పడినది ఏదో దొరికింది. దొరికినవన్నీ చెంబు నీళ్ళలో వేశాను. మంచి గింజైతే మునుగుతుంది, తాలు గింజైతే తేలుతుంది. అన్నీ తేలాయి. వేలితో నొక్కి కిందికి పంపినా మళ్ళీ పైకి వచ్చాయి. ఒక్కటైనా మునుగుతుందేమోనని, పొద్దు వాలేదాకా ఆ చెంబు ముందు పిచ్చిదానిలా కూర్చున్నాను.

ముత్తుకుమార్ ఆఫీసు నుంచి వచ్చి సంగతి విన్నాడు. "ఇంతేనా అమ్మా, దీనికి పోయి ఇంత గలాటానా" అన్నాడు. "నాట్టు విత్తనాలు అంటే ఆన్‌లైన్‌లో నిండా దొరుకుతాయి. వంకాయ రంగు అంచు అంటివి గదా, ఫొటో చూసి ఆర్డర్ పెడతాను." ఫోన్ తీసి అప్పుడే వెతకడం మొదలుపెట్టాడు. వాడి మీద కోపం కూడా రాలేదు. వాడు ఆ నెయ్యి వాసన ఎరగడు, నా చేత్తో నేను వండి పెట్టిన ఏళ్ళల్లో కూడా వాడు టీవీ చూస్తూ తిన్నాడు.

మర్నాడు పొద్దున వేదవల్లి ఫోన్ చేసింది. ఊరు చేరినానని చెప్పలేదని ముందు తిట్టింది. తర్వాత, వీధి గుమ్మం దాకా నడిచినాను అక్కా, కర్ర కూడా పట్టుకోలేదు అని మురిసిపోయింది. తర్వాత అడిగింది.

"అక్కా, చిక్కుడు కాసిందా?"

కాసింది అనవచ్చు. అబద్ధం కూడా కాదు, ఈ ఇంట్లో ఆ మాటకు ఇప్పుడున్న అర్థంలో. కాయలేదు అనవచ్చు. అదీ నిజమే. పుట్టినప్పటి నుంచి దానితో తెలుగు తప్ప ఇంకో ముక్క మాట్లాడి ఎరగను, ఆ వేళ మాత్రం ఎండిపోయిందన్న మాట నాకు అరవంలోనే వచ్చింది.

"కాంజు పోచ్చు" అన్నాను.

వేదవల్లి నవ్వింది. "ఏమక్కా, నాతో కూడా అరవమేనా? బాగా కాసిందా లేదా చెప్పవే."

"కాంజు పోచ్చు వేదా. అంతా కాంజు పోచ్చు."

నవ్వు ఆగిపోయింది. అవతల కర్ర అందుకున్న చప్పుడు వినపడింది. తర్వాత, మళ్ళీ మాట్లాడతాను అక్కా, కాళ్ళు నొప్పి పుడతా ఉండాయి అని పెట్టేసింది.

ఫోన్ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. తొమ్మిది కూడా కొట్టలేదు, అప్పటికే గోడ వేడెక్కింది. శాంతిప్రియ బకెట్టు తెచ్చి, ఎండిన తీగ పక్కనున్న దండెం మీద ఉతికిన బట్టలు ఒక్కొక్కటే వేసింది. నా వైపు చూడలేదు, కాయ పెట్టినానని కూడా చెప్పలేదు. ఆ ఎండకు అవి అరగంటలో కాసేశాయి.